పండ్ల పరిమళము: దాని పుట్టుక, వాడుక, జాగ్రత్తలు

వేసవిలో భిలాయి నగరమున ఎండ 43, 44 డిగ్రీలకు చేరుట సాధారణము. కర్మాగారమున పని ముగించుకొని వచ్చు కార్మికునకును, బడి నుండి ఇంటికి వచ్చు బాలునకును దాహము తీరుటయే మొదటి కోరిక. అట్టి వేళ వీధి మొగలో తోపుడుబండి మీద వరుసగా నిలిపిన ఎర్రని, పచ్చని, నారింజ వన్నెగల షర్బతు సీసాలు కంటిని ఆకర్షించును. మూత తీయగనే అరటిపండు వాసనయో, ఆపిలు వాసనయో గుప్పుమనును. ఆ గ్లాసులో పండు ముక్క ఒకటియైనను ఉండకపోవచ్చును. అయినను ముక్కు దానిని పండుగనే నమ్మును.

ఈ వాసన ఎక్కడ నుండి వచ్చినది? అది త్రాగదగినదేనా? త్రాగదగినదైనచో ఎంతవరకు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము ప్రతి గృహస్థునకును తెలిసియుండవలెను. భిలాయివాసులకు ఇది మరింత దగ్గరి విషయము. ఏలయన, పండ్ల పరిమళ ద్రవ్యములలో ఎక్కువ వాడుకలోనున్న యొకదానికి మూలమైన పదార్థము ఉక్కు కర్మాగారపు కోకు బట్టీలలో పుట్టు వాయువునందే ఉన్నది. ఆ పరిమళ ద్రవ్యము పేరు బెంజైల్ ఎసిటేట్.

పూవులో, పండులో, సీసాలో

బెంజైల్ ఎసిటేట్ రంగులేని ద్రవము. నీటికంటె కొంచెము బరువైనది. సుమారు 213 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. నీటిలో మిక్కిలి కొద్దిగా మాత్రమే కరగును. ఆల్కహాలులో సులభముగ కరగును. దాని వాసనలో మల్లెపూవు తీపియు, ఆపిలు, బేరిపండ్ల కమ్మదనమును కలిసియుండును.

ఇది మనుష్యుడు క్రొత్తగ కల్పించిన పదార్థము కాదు. మల్లెజాతి పూవుల సుగంధములో ఇది ముఖ్యమైన భాగము. కొన్ని పండ్లలోను స్వల్పముగ ఉన్నది. అయితే ఒక కిలో మల్లె సారము తీయవలెనన్న కొన్ని వందల కిలోల పూవులు కావలెను. అంత ఖరీదైన సారమును సబ్బులోను, అగరువత్తిలోను, పిప్పరమెంటు బిళ్ళలోను వేయుట సాధ్యము కాదు. కనుకనే రసాయన శాస్త్రజ్ఞులు ఆ ద్రవ్యమును వేరుగ తయారుచేయు మార్గము కనుగొనిరి.

ఆమ్లమును, ఆల్కహాలును చేర్చినపుడు ఏర్పడు పదార్థములకు ఎస్టరులని పేరు. పండ్ల వాసనలలో పెక్కింటికి ఎస్టరులే కారణము. అరటిపండు వాసనకు ప్రధానమైనది ఐసోఎమైల్ ఎసిటేట్ అను ఎస్టరు. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనములో ఇట్టి కృత్రిమ పండ్ల ఎసెన్సులు ప్రదర్శింపబడెను. నాటి నుండి ఈ పరిశ్రమ ప్రపంచమంతట వ్యాపించినది.

బొగ్గు నుండి పరిమళము

భిలాయి ఉక్కు కర్మాగారమునకై భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య ఒడంబడిక 1955 ఫిబ్రవరిలో జరిగినది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. అప్పుడు మధ్యప్రదేశములో నుండిన ఈ నగరము 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది. దేశము నలుమూలల నుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబములు పెక్కు కలవు.

ఇనుప ఖనిజమును కరగించుటకు కోకు కావలెను. బొగ్గును గాలి సోకని బట్టీలలో పెట్టి సుమారు వేయి డిగ్రీలకు పైగా పదునారు, ఇరువది గంటలపాటు కాల్చినచో గట్టి కోకు మిగులును. ఆ సమయమున బొగ్గు నుండి వాయువు వెలువడును. పూర్వకాలపు బట్టీలలో దానిని ఆకాశములోనికి వదలివేయుచుండిరి. ఆధునిక కర్మాగారములలో దానిని గొట్టముల ద్వారా పట్టి, చల్లార్చి, అందులో నుండి తారును, అమ్మోనియాను, బెంజోలు అను తేలిక నూనెను వేరుచేయుదురు. అమ్మోనియా నుండి పొలములకు వేయు అమ్మోనియం సల్ఫేటు ఎరువు తయారగును. ఒక టన్ను బొగ్గుకు ఇంచుమించు 8 నుండి 10 కిలోల బెంజోలు లభించును.

బెంజోలు ఒక్క పదార్థము కాదు. అందు బెంజీన్, టోలుయీన్, జైలీన్ అను ద్రవములు కలిసియుండును. బెంజీన్ 80 డిగ్రీల వద్దను, టోలుయీన్ 110 డిగ్రీలు దాటిన పిమ్మటను మరుగును. ఈ భేదమును బట్టి బట్టీపట్టి వాటిని వేరుచేయుదురు. ఇందులో టోలుయీన్ బెంజైల్ ఎసిటేట్‌కు మూలము. ఉక్కు కర్మాగారములలో దొరకునది కొంత. నేడు ప్రపంచములో టోలుయీన్ ఎక్కువగా పెట్రోలియము శుద్ధి కర్మాగారముల నుండి వచ్చుచున్నది.

టోలుయీన్‌ను క్లోరిన్ వాయువుతో కలిపినచో బెంజైల్ క్లోరైడు ఏర్పడును. దాని నుండి బెంజైల్ ఆల్కహాలును తయారుచేయుదురు. బెంజైల్ ఆల్కహాలును, వినెగరు పులుపునకు కారణమైన ఎసిటిక్ ఆమ్లమును కలిపినచో బెంజైల్ ఎసిటేట్ సిద్ధించును. మసిగొట్టు బొగ్గునకును, మల్లె పరిమళమునకును మధ్య నున్న మెట్లు ఇవియే.

బొగ్గు నుండి వచ్చినదన్న మాట విని జంకవలసిన పనిలేదు. పూవులోని బెంజైల్ ఎసిటేట్‌కును, కర్మాగారములోని బెంజైల్ ఎసిటేట్‌కును అణువులో భేదము లేదు. భేదమున్నది దానితో కలిసి వచ్చు ఇతర పదార్థములలో. ఆరోగ్య దృష్టితో చూడవలసిన ముఖ్యాంశము ఇదియే.

ముక్కునకు తెలియని భేదము

పైన చెప్పిన మెట్లలో బెంజైల్ క్లోరైడు కన్నులను, గొంతును మండించు విషద్రవ్యము. మనుష్యులలో క్యాన్సరు కలిగింపగల అవకాశమున్న పదార్థముల కోవలో నిపుణులు దానిని చేర్చిరి. తయారీ చివర సరిగా శుద్ధిచేయనిచో దాని జాడలు పరిమళ ద్రవ్యములో మిగులవచ్చును. కావుననే ఆహారమునకు వాడునది, సబ్బులు అగరువత్తులకు వాడునది అని రెండు తరగతులున్నవి. ఆహారపు తరగతి ద్రవ్యమును పరీక్షించి, మలినములు నియమిత పరిమితికి లోబడియున్నవని నిర్ధారించిన పిమ్మటనే అమ్మవలెను.

ఈ రెండింటి వాసన ఒక్కటిగనే ఉండును. ఏది శుద్ధమో, ఏది కాదో ముక్కు చెప్పలేదు, నాలుక చెప్పలేదు. తూకమునకు అమ్ము చీటీలేని ఎసెన్సును, అత్తరుల దుకాణమున దొరకు పండ్ల సెంటును షర్బతులోను, మిఠాయిలోను కలుపుట అపాయకరమగుటకు కారణమిదియే. వాసన బాగున్నదను మాట శుద్ధికి సాక్ష్యము కానేరదు.

రంగుల విషయమును ఇట్టిదే. తారు నుండి పుట్టిన రంగులు వందలకొలది కలవు. వానిలో ఆహారమునకు అనుమతింపబడినవి బహు కొద్ది. బట్టలకు వేయు రోడమిన్-బి అను గులాబి రంగును పీచుమిఠాయిలో కనుగొన్నందున 2024లో తమిళనాడు, పుదుచ్చేరి ప్రభుత్వములు ఆ మిఠాయి అమ్మకమును నిషేధించినవి. కంటికి ఇంపైన రంగు, ముక్కునకు ఇంపైన వాసన, ఈ రెండును కలిసి కొనువానిని సులభముగ మోసపుచ్చగలవు.

శరీరములో ఏమగును?

శుద్ధమైన బెంజైల్ ఎసిటేట్ స్వల్పముగ కడుపులోనికి పోయినపుడు శరీరము దానిని త్వరగా విడగొట్టును. మొదట అది బెంజైల్ ఆల్కహాలుగను, ఎసిటిక్ ఆమ్లముగను చీలును. ఆల్కహాలు బెంజోయిక్ ఆమ్లముగ మారును. కాలేయము ఆ ఆమ్లమును గ్లైసిన్ అను మరియొక పదార్థముతో జతచేసి హిప్పూరిక్ ఆమ్లముగ మార్చును. అది మూత్రముతో బయటకు పోవును. ఆరోగ్యవంతుని శరీరములో ఇది నిల్వయుండదు.

ఈ పని చేయు శక్తి అందరికిని సమానముగ ఉండదు. నెలలు నిండక పుట్టిన శిశువుల కాలేయమునకు ఈ శక్తి చాలదు. 1982లో అమెరికా దేశమున అట్టి శిశువులకు సూదిమందుతో పాటు, నిల్వకొరకు కలిపిన బెంజైల్ ఆల్కహాలు కూడ శరీరములోనికి పోవుటచే ఊపిరి అందక పలువురు మరణించిరి. అది రక్తములోనికి నేరుగా ఎక్కించిన మందు, షర్బతు కాదు. అయినను ఆ సంఘటన తెలుపు నీతి ఒకటి కలదు. పెద్దవారికి నిరపాయమైన ద్రవ్యము పసికందునకు అపాయము కావచ్చును. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప సువాసన పానీయమేదియు పట్టరాదు.

క్యాన్సరును గూర్చియు ప్రశ్న వచ్చినది. ఎలుకజాతి జంతువులకు గొట్టము ద్వారా అధికముగ పోసిన కొన్ని పరీక్షలలో కణుతులు కనబడినవి. ఆహారములో కలిపి పెట్టిన తరువాతి పరీక్షలలో అట్టి ఫలితము రాలేదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ బెంజైల్ ఎసిటేట్‌ను మూడవ వర్గములో, అనగా మనుష్యులకు క్యాన్సరు కలిగించునని తీర్మానింపజాలని పదార్థములలో, ఉంచినది.

మోతాదు లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘము బెంజోయిక్ ఆమ్లము, దాని కుటుంబములోని ఇతర ద్రవ్యములు అన్నింటికిని కలిపి దినమునకు ఒక పరిమితి నిర్ణయించినది. బెంజైల్ ఎసిటేట్ కూడ ఆ కుటుంబములోనిదే. 2021లో సవరించిన లెక్క ప్రకారము శరీరపు బరువులో ప్రతి కిలోకు 20 మిల్లీగ్రాముల వరకు జీవితాంతము దినదినము తీసికొన్నను హాని లేదు. ఈ పరిమితిని బెంజోయిక్ ఆమ్లపు లెక్కలో కొలుతురు.

దీనిని ఒక ఉదాహరణముతో చూడవచ్చును. పదిహేను కిలోల బరువున్న బాలునకు ఆ పరిమితి దినమునకు 300 మిల్లీగ్రాములు. పానీయములలో ఈ పరిమళము పది లక్షల పాళ్ళకు కొన్ని పాళ్ళు మాత్రమే వేయుదురు. పది పాళ్ళు వేసినారనుకొన్నను, 200 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండునది 2 మిల్లీగ్రాములే. పరిమితిలో ఇది నూరవ వంతు కూడ కాదు.

అదే బాలుడు బల్లమీద నిర్లక్ష్యముగ విడిచిన శుద్ధ ద్రవ్యపు సీసా తెరచి ఒక చెంచా త్రాగినచో ఏమగును? చెంచాకు 5 మిల్లీలీటర్లు; అందులోని ద్రవ్యము 5,000 మిల్లీగ్రాములకు పైన. ఆ దినపు పరిమితికి అది పది రెట్లను మించినది. వంటకు అమ్ము ఎసెన్సులలో పరిమళ ద్రవ్యము పలుచగనే యుండును. కాని వాటిని కరగించుటకు వాడిన ఆల్కహాలు కూడ పిల్లలకు హానికరమే. గ్లాసులోని పరిమళము వేరు, సీసాలోని పరిమళము వేరు. ఆ భేదము పేరులో లేదు, మోతాదులో ఉన్నది.

పరిమళము ఆహారము కాదు

శుద్ధమైన ఎసెన్సును మితముగ వాడినచో హాని లేదనుట సరియే. దాని వలన మేలు ఉన్నదా యన్నది వేరు ప్రశ్న. పండునకు పరిమళము గుర్తు మాత్రమే. పక్వమైనపుడు అది వాసనయిచ్చి మనుష్యుని, పక్షిని, జంతువును పిలుచును. ఆ పిలుపు విని వచ్చినవానికి పండులో విటమినులు, లవణములు, పీచు లభించును. ఎసెన్సు కలిపిన షర్బతులో పిలుపు ఉన్నది, విందు లేదు.

నూరు గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిను కలదు. పెరిగిన పురుషునకు దినమునకు కావలసినది 80 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి 2020లో తెలిపినది. జామ వాసన గల షర్బతులో సి విటమిను వేరుగ కలిపిననే తప్ప ఉండదు. ఉండునది చక్కెర. నూటికి పన్నెండు పాళ్ళ చక్కెర వేసినచో 200 మిల్లీలీటర్ల గ్లాసులో 24 గ్రాములు, అనగా ఐదారు చెంచాలు, ఉండును. చక్కెరను దినమునకు 50 గ్రాములకు లోపల, వీలైనచో 25 గ్రాములకు లోపల ఉంచుకొమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి సలహా ఇచ్చుచున్నది. ఒక్క గ్లాసుతోనే ఆ రెండవ పరిమితి ఇంచుమించు పూర్తియగును.

ఎండలో పనిచేసి చెమటతో నీరును, ఉప్పును కోల్పోయిన వానికి రంగునీటి కంటె మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మరసము, మామిడికాయ పానకము మేలు. తెలుగు పల్లెలలో తరతరములుగ త్రాగు తరవాణికిని, ఛత్తీస్‌గఢ్ రైతులు వేసవి ఉదయమున తిను బోరే బాసికిని స్వభావము ఒక్కటే. రెండును అన్నమును నీటిలో నానబెట్టి చేయునవి. పొరుగువాని ఆహారములో తన తాతల ఆహారమును గుర్తింపగల తెలుగు కుటుంబములకు వేసవిని గడుపుటకు ఎసెన్సు సీసాతో పనిలేదు. అయితే నానబెట్టుటకు శుభ్రమైన నీరు వాడవలెను; దుర్వాసన పుట్టినదానిని పారవేయవలెను.

చట్టము, చీటీ

మన దేశమున 1954 నాటి ఆహార కల్తీ నివారణ చట్టమునకు బదులుగ 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము అమలులోనికి వచ్చినది. దీని నియమములు పరిమళ ద్రవ్యములను మూడు తరగతులుగ విభజించినవి. మొక్కల నుండి నేరుగా తీసినవి సహజములు. ప్రకృతిలోని అణువునే కర్మాగారమున తయారుచేసినచో అది ప్రకృతి సమానము. ప్రకృతిలో ఇంతవరకు కనబడనిది కృత్రిమము. టోలుయీన్ నుండి చేసిన బెంజైల్ ఎసిటేట్ రెండవ తరగతికి చెందును. చీటీ మీద ప్రకృతి సమానమని ఉన్నంత మాత్రమున లోపల పండు ఉన్నదని అర్థము కాదు. కూమరిన్, సాఫ్రోల్, థూజోన్ మొదలగు కొన్ని పరిమళ ద్రవ్యములను ఆహారములో వాడుట నిషిద్ధము.

కట్టిన పొట్లములమీద, సీసాలమీద కలిపిన పరిమళమును గూర్చి తెలుపవలెనని నియమము కలదు. కొనువారు చీటీమీద పదార్థముల పట్టికను, తయారైన తేదీని, పదునాలుగు అంకెల అనుమతి సంఖ్యను చూడవలెను. పట్టికలో పండ్ల గుజ్జు పేరు లేక, నీరు, చక్కెర, పరిమళము, రంగు మాత్రమే ఉన్నచో అది పండ్లరసము కాదు.

పనిచేయువారి క్షేమము

పరిమళము చివరి మెట్టు. మొదటి మెట్టు దగ్గర పనిచేయువారు నిజమైన అపాయమునకు దగ్గరగ ఉందురు. బెంజోలులోని బెంజీన్ రక్తమును పుట్టించు మూలుగను పాడుచేయును. రక్తపు క్యాన్సరు కలిగించునని నిస్సందేహముగ నిర్ధారింపబడినది. టోలుయీన్ ఆవిరి తలనొప్పిని, మత్తును, తలతిరుగుటను కలిగించును. ఈ రెండింటికిని తీపి కలిసిన వాసన కలదు. తీపి వాసన క్షేమమునకు గుర్తు కాదు. ఉపఉత్పత్తుల విభాగమున పనిచేయువారు ఇచ్చిన ముసుగులను, చేతితొడుగులను తప్పక ధరింపవలెను. బెంజోలుతో చేతులు కడుగుకొనరాదు. నూనె అంటిన బట్టలను ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు. నియమిత కాలమున రక్తపరీక్ష చేయించుకొనవలెను.

అగరువత్తులు, సబ్బులు చేయు చిన్న పరిశ్రమలలోను గాలి ఆడు గది అవసరము. సెంటు తగిలి చర్మము ఎర్రనై దురద పుట్టువారును, అగరువత్తి పొగకు ఉబ్బసము పెరుగువారును కలరు. అట్టివారు దానికి దూరముగ ఉండుటయే మందు.

ప్రమాదము జరిగినచో

బిడ్డ ఎసెన్సును గాని, సెంటును గాని మ్రింగినచో వాంతి చేయింపరాదు. ఉప్పునీరు పట్టరాదు. స్పృహ తప్పినవానికి నోటిలో ఏమియు పోయరాదు. సీసాను వెంట తీసికొని వెంటనే వైద్యశాలకు చేర్పవలెను. సీసామీది చీటీ వైద్యునకు దారిచూపును. వాహనము లేనిచో 108 సంఖ్యకు ఫోను చేయవలెను. కంటిలో పడినచో రెప్పలు తెరచి పదిహేను నిమిషములపాటు మంచినీటి ధారతో కడుగవలెను. చర్మముపై ఒలికినచో సబ్బుతో కడిగి, తడిసిన బట్టలను మార్చవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పండు వాసన పండు కాదు. వాసనలో బలము లేదు.

2. పూవులోని పరిమళమునకును, శుద్ధిచేసిన కృత్రిమ పరిమళమునకును అణువు ఒక్కటే. భేదము శుద్ధిలోను, మోతాదులోను ఉన్నది.

3. సబ్బునకు, అగరువత్తికి వాడు సెంటును ఏ ఆహారములోను కలుపరాదు.

4. చీటీలేని ఎసెన్సును, రంగును వంటయింటికి తేరాదు.

5. ఎసెన్సును చుక్కలతో కొలువవలెను. సీసాను పిల్లల కంటికి, చేతికి అందని చోట ఉంచవలెను. త్రాగునీటి సీసాలలో దానిని పోసి ఉంచరాదు.

6. దాహమునకు మంచినీరు, మజ్జిగ, నిమ్మరసము. ఆరోగ్యమునకు ఆ ఋతువులో పండిన పండు.

బొగ్గు నుండి పరిమళమును తీయగలుగుట విజ్ఞానము సాధించిన గొప్ప విజయము. దాని వలన పేదవాని ఇంట కూడ సబ్బు సువాసన నిచ్చుచున్నది. ఆ విజయమును తగిన చోట వాడుకొని, బిడ్డ చేతిలో జామపండు ఉంచు తల్లి విజ్ఞానమునకును, ఆరోగ్యమునకును సమానముగ న్యాయము చేసినదగును.